లేదన్న బిడ్డను రాయించడానికి కోట దాకా

కోట వైపు నేను పోయింది చుట్టరికపు పని మీద కాదు. రెండేళ్ళ కిందట నేను ఒక నర్సమ్మకు ఒక మాట చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి పోయాను. ఆరోగ్య కేంద్రం కంప్యూటర్లో తప్పు పడి, దాన్ని దిద్దించుకోవడానికి ఊళ్ళు తిరిగేవాళ్ళు మన సముద్రం ఒడ్డున నేనొక్కణ్ణే కాదు. వాళ్ళకు పనికొస్తుందని దారి, టైము, ఛార్జీలు అన్నీ చెప్తున్నాను. నా చదువు రెండో తరగతి. నేను చెప్తే ఫోను రాస్తుంది. ఆఫీసుల పేర్లు చెప్పను, నర్సమ్మ పేరు మార్చాను. ఎవరి ఉద్యోగం పోయినా నాకు ఒరిగేదేమీ లేదు.

మాది తోటపల్లి గూడూరు మండలంలో చేపల వేట మీద బతికే పాలెం. నా కొడుకు కూతురు కావేరిని కోట అవతల ఇచ్చాం. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నాం. వచ్చిన పదో రోజు మధ్యాహ్నం తలనొప్పి అని పడుకుంది. కాళ్ళూ మొహమూ వాచి ఉన్నాయి. నీరు పట్టింది, మామూలే అన్నాం. పొద్దు వాలేసరికి ఫిట్స్ వచ్చాయి. మా పాలెం నర్సమ్మ విజయమ్మ పరుగున వచ్చింది. నేను 108 కోసం రోడ్డు మీద నిలబడి ఉండగానే బిడ్డ ఇంట్లో బయటపడింది. తల్లినీ బిడ్డనూ విజయమ్మే బండిలో ఎక్కించుకుని నెల్లూరుకు పోయింది. కావేరి బతికింది. బిడ్డను మర్నాడు పొద్దున గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. సరుగుడు తోట వెనక ఇసుకలో పెట్టి వచ్చాను. గుడ్డ విప్పి చూడలేదు. కావేరికి తెలివి వచ్చి అడిగితే, ఊపిరి లేకుండా పుట్టిందని నేనే చెప్పాను. నాకు ఎవరూ అట్లా చెప్పలేదు. అట్లా అయితే తొందరగా మర్చిపోతుందని చెప్పాను.

మా వాళ్ళలో పదకొండో రోజు పురుడు కాకముందు పోయిన బిడ్డను లెక్కలోకి తీసుకోరు. ఎందరు పిల్లలని ఎవరడిగినా ఆ బిడ్డను కలిపి చెప్పరు. చెప్తే తర్వాతి కాన్పు మీదకు కీడు వస్తుందని భయం. పన్నెండో రోజున విజయమ్మ ఫోనూ ఫారమూ పట్టుకుని వచ్చింది. బిడ్డ పోయిన సంగతి రాయాలి, ఇంటి పెద్ద వేలిముద్రో సంతకమో కావాలంది. "మా ఇంట్లో ఏ బిడ్డా పుట్టలేదు" అన్నాను. ఆమె నా మొహం వంక చూసింది. "నేనే గదా పెద్దాయనా, చేతుల్లో పట్టుకునింది" అంది. "నీ లెక్కల కోసం నా ఇంట్లో శవాన్ని వెతకబాక, గడప దిగు" అన్నాను. పాలెమంతా విన్నది. ఆమె దిగి పోయింది. ఆ రోజు నాకు అది అబద్ధం అనిపించలేదు.

ఇప్పుడు కావేరికి మళ్ళీ ఏడో నెల. ఈసారి నాలుగో నెలలోనే తెచ్చుకున్నాం. విజయమ్మ బదిలీ మీద కోట వైపు వెళ్ళిపోయింది, ఒక చిన్నపిల్ల నర్సుగా వచ్చింది. ఆ పిల్ల పేరు ఎక్కించేటప్పుడు ఎన్నో కాన్పని అడిగితే, నా కోడలు అలవాటు కొద్దీ "మొదటిదే" అంది. ఫోను ఆ మాటే పట్టుకుంది. పోయిన నెల కోడలికి భయమేసి నిజం చెప్పింది. అప్పుడు ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఫోను నా ముందు పెట్టింది.

"తాతా, ఈడ చూడు. కావేరి పేరు పచ్చగా ఉండాది. ఎర్రగా ఉంటేనే నెల్లూరులో ముందుగా బెడ్డు పెడతారు. పెద్ద డాక్టరమ్మ చూసే రోజుకి బండి కూడా వస్తది."

"ఎర్రది చెయ్యమ్మా."

"నా చేతిలో లేదు తాతా. ముందు కాన్పులు సున్నా అని ఉండాది. సున్నా అయితే ఫిట్స్ యాడ నుంచి వచ్చినాయని ఇది నన్నే అడుగుతుంది."

"మనిషి ఎదురుగా కూర్చోనుంది గదా. దాన్ని అడగమను."

"దీనికి మనుషులు కనపడరు తాతా" అంది. నవ్వుతూనే అంది గాని కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆరోగ్య కేంద్రం డాక్టరును అడిగాం. పాత లెక్కలో కావేరికి వేరే నంబరు ఉందట. అది 'వలస పోయింది' అని మూసేసి ఉంది. అప్పటి నర్సు కాన్పు అయిందని, ఫిట్స్ వచ్చాయని సంతకం పెట్టి కాగితం రాసిస్తే, పై ఆఫీసు వాళ్ళు ఆ నంబరు తెరిచి దీనికి కలుపుతారట. ఆస్పత్రి కాగితం ఏదని మీరు అడగవచ్చు. అది వాయుగుండం వానలకు పెట్టెలోనే తడిసి ముద్దయింది. ఆస్పత్రిలో అడిగితే పాతవి స్టోరులో ఉన్నాయి, దొరికితే చెప్తామన్నారు. కావేరిని నేరుగా అక్కడికే తీసుకుపోయాం కూడా. ఈ రోజుకు బీపీ బాగుంది, నెలలు నిండలేదు, ఇంటికి పొమ్మన్నారు. పోయినసారి కూడా ముందు రోజు దాకా బీపీ బాగానే ఉంది. విజయమ్మ రాస్తే కావేరి పేరు ఎర్రబడుతుంది, లేకపోతే లేదు. నా కొడుకు వేటలో ఉన్నాడు. గడప దిగమన్నది నేను. నేనే బయలుదేరాను.

బుధవారం పొద్దున అయిదున్నరకు మా పాలెంలో షేర్ ఆటో ఎక్కాను. తోటపల్లి గూడూరు దాకా ముప్ఫై రూపాయలు. చేపల గంపలు ముందు ఎక్కుతాయి, మనుషులు తర్వాత. అక్కడ ఆరున్నరకు నెల్లూరు బస్సు దొరికింది. మా వైపు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం దాకా పోయి కిందికి దిగితే దగ్గరని కొందరు చెప్తారు. వినకండి. పోర్టు లారీల వెనక ఇరుక్కుంటే గంటలు పోతాయి, కంపెనీ బండ్లు మనల్ని ఎక్కించుకోవు. నెల్లూరు వెళ్ళి గూడూరు బస్సు ఎక్కడమే మేలు. ఈ గూడూరు వేరు, మా తోటపల్లి గూడూరు కాదు. నెల్లూరు నుంచి కోటకు నేరుగా పోయే బస్సులున్నాయి గాని, వాటి కోసం నిలబడేకంటే గూడూరులో మారడం తేలిక. నేను తొమ్మిదింపావుకు గూడూరు చేరాను, పదింటికి కోటలో దిగాను. అరవై దాటినవాళ్ళు ఆధారు కార్డు చూపిస్తే టిక్కెట్టులో తగ్గిస్తారు. నేను చూపించలేదు. అడిగించుకోవడం నాకు ఇష్టం లేదు.

కోట నుంచి విజయమ్మ ఉండే ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే. మస్తాన్ అనే ఆటో అబ్బాయి రానూ పోనూ నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు. గాలి ఆడడానికి గుంటల్లో పెట్టిన చక్రాలు నీళ్ళను చిమ్ముతున్నాయి, ఉప్పు వాసన గాని, సముద్రపు వాసన కాదు. ఏం పని మీద వచ్చావని అడిగాడు. లెక్కలో ఒక బిడ్డను ఎక్కించాలన్నాను. అతనికి సరిగా అర్థం కాలేదు గాని లెక్క అనే మాట పట్టుకున్నాడు.

"నేను రెండేళ్ళు ఈ గుంటల మీద కాపలా ఉన్నా మామా. ఒక్కో గుంటకి ఒక పుస్తకం. ఎన్ని పిల్లలు వదిలినారు, పొద్దున ఎంత మేత ఏసినారు, ఎన్ని చచ్చి తేలినాయి, అన్నీ రాయాల. ఒక రోజు రాయకపోతే కూలి కోస్తారు."

"అబద్ధం రాసేవాడివా?"

"రొయ్యల కాడ కుదరదు మామా. పట్టుబడి రోజు కాటా మీద తెలిసిపోద్ది."

ఊరు వచ్చేదాకా అతనే మాట్లాడాడు.

పదకొండింటికి చేరాను. బుధవారం టీకాల రోజని నాకు తట్టలేదు. అరుగు మీద, కింద చాపల మీద పసిపిల్లల తల్లులు. విజయమ్మ మధ్యలో కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది. ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో ఫోను. ఒక్కో బిడ్డకు సూది వేయడం ఎంతో సేపు పట్టడం లేదు, ఫోనులో ఎక్కించడమే పడుతోంది. సిగ్నల్ కోసం మధ్యమధ్య లేచి వేపచెట్టు కిందికి పోయి ఫోను పైకెత్తి పట్టుకుంటోంది. నన్ను చూసింది. గుర్తు పట్టిందని నాకు తెలిసింది. పలకరించలేదు. మళ్ళీ సూది పట్టుకుంది.

ఎంతసేపని నిలబడతాం. పక్కనే రేకుల షెడ్డులో ఒకామె భోజనం పెడుతుంది, ఎనభై రూపాయలు. ఏం చేపని అడిగాను.

"కట్లా."

"చెరువుదా?"

"నువ్వేంది సామీ, సముద్రంలో పుట్టినట్టు అడుగుతుండావు. తిను."

"అక్కడే పుట్టినా."

"అట్టయితే పప్పు పోసుకో" అంది ఆమె.

పప్పే పోసుకున్నాను. బాగుంది. రెండు ముద్దలు తిని లేచాను.

రెండు గంటలకు తల్లులందరూ వెళ్ళిపోయారు. విజయమ్మ చేతులు కడుక్కుని, టీకాల పెట్టె మూత పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది.

"కావేరి బాగుండాదా?"

"ఏడో నెల."

చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. "కాళ్ళు వాచినాయా?"

"ఇంకా లేదు. అమ్మా, మీరొక కాగితం రాసియ్యాల. ముందు ఒక బిడ్డ పుట్టింది, అప్పుడు ఫిట్స్ వచ్చినాయి అని."

"ఏ బిడ్డా పుట్టలేదన్నారు గదా పెద్దాయనా."

"అన్నా. తప్పే."

"ఆ రోజు నన్ను చెప్పులు కూడా ఏసుకోనీలా మీరు. చేతిలో పట్టుకుని మీ వీధి దాటినా."

"ఇప్పుడు మీ గడప ముందర నిలబడుండా."

"నిలబడితే నాకేమొస్తది. కూర్చోండి, ఎండలో వచ్చినారు" అని కుర్చీ జరిపింది. నీళ్ళు ఇచ్చింది. తాగాను. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పుడు ఆమె చెప్పిన మాటలు ఇక్కడ ఉన్నదున్నట్టు పెడుతున్నాను. "మీరు గెంటేసినందుకు నేను ఏడ్చుకుంటా పోయినానని మీరు అనుకుంటుండారేమో. లేదు పెద్దాయనా. నాకు బరువు దిగింది. అంతకు ముందు నెల ఒక పసిబిడ్డ చావు నిజంగా రాసినందుకు మీటింగులో అందరి ముందర నన్ను గంటసేపు నిలబెట్టినారు. నీ ఊర్లోనే ఎందుకు చస్తుండారని అడిగినారు. నేను చంపినట్టు. ఇంకొకటి రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంటి పెద్దే లేదన్నాడు, ఇంక నాదేముందని 'వలస పోయింది' అని నొక్కేసినా. పైన ఎవరూ అడగలా. సున్నా ఉంటే ఎవరూ అడగరు."

ఇన్నాళ్ళూ ఆ బిడ్డను నేనొక్కణ్ణే చెరిపేశాననుకున్నాను. నేను గడప మీద నిలబడి లేదంటే, అటు పక్క నుంచి అదే మాట కోసం ఒక ఆఫీసు మొత్తం ఎదురుచూస్తోందని నాకు తెలియదు.

"ఇప్పుడు రాయండమ్మా" అన్నాను. "కావేరి కోసం."

"ఇప్పుడు రాస్తే, అప్పుడు దొంగలెక్క రాసినానని నేనే సంతకం పెట్టినట్టు. నాకింకా ఆరేళ్ళు సర్వీసుండాది. మా ఆయన పక్షవాతంతో మంచంలో ఉండాడు. రాయను పెద్దాయనా."

"కావేరికి ఏమన్నా అయితే?"

"అయితే నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు మాత్రం పడుతుందా. అయినా రాయలేను."

కాళ్ళు పట్టుకుందామని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నా జీవితంలో ఒకరి కాళ్ళు పట్టుకోలేదు, పడవ పోయినప్పుడు కూడా. కుర్చీలోంచి లేచాను గాని వంగలేకపోయాను. మోకాళ్ళ నొప్పి అని చెప్పుకోవచ్చు. అది కాదు. ఆమె కూడా అది గమనించింది.

నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "ఆడబిడ్డ పెద్దాయనా. కిలో రెండొందలు. నేనే తూచినా మీ ఇంట్లో. ఏడ్చింది. బండిలో నా జాకెట్టు లోపల పెట్టుకున్నా, కాక తగలాలని. నెల్లూరు చేరకముందే దారిలో పోయింది. ఆస్పత్రి వాళ్ళు మా దగ్గర పుట్టలేదు, మా దగ్గర పోలేదు, మేం రాయమన్నారు. మీ పాలెంలో మీరు లేదన్నారు. దారికి రిజిస్టరు లేదు."

మస్తాన్ హారన్ కొట్టాడు. అతనికి సాయంత్రం వేరే కిరాయి ఉందట. ఎక్కి కూర్చున్నాను. కోటలో మూడున్నర బస్సు దొరికింది. గూడూరులో ముప్పావు గంట ఆగాను. నెల్లూరులో దిగి మా వైపు చివరి బస్సుల్లో ఒకటి పట్టుకుని, ఆటో మారి, ఏడున్నరకు ఇంటికి చేరాను. ఆడవాళ్ళతో, పసిపిల్లలతో పోయేవాళ్ళు ఒక్క రోజులో తిరిగి వద్దామని పెట్టుకోకండి, నడుములు పోతాయి.

కావేరి వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. దీపం వెలుతురులో మడమ పైన బొటనవేలితో నొక్కి చూసుకుంటోంది. వేలు తీస్తే చిన్న గుంట పడింది. అది మెల్లగా నిండింది. పొద్దున అది లేదు.

"రాసిందా తాతా?"

"రాయలా."

నా కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి పోయింది.

"ఇంతసేపు ఏం మాట్లాడినారు మరి?" అంది కావేరి.

చెప్పకూడదనుకున్నాను. మళ్ళీ దాని దగ్గర ఇంకొక అబద్ధం చెప్పి ఏం సాధిస్తానని చెప్పాను. "ఆడబిడ్డంట. కిలో రెండొందలు ఉండిందంట. ఏడ్చిందంట."

అది కాళ్ళ మీద నుంచి చెయ్యి తీసింది. "ఊపిరి లేకుండా పుట్టిందన్నావే."

"అన్నా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిడుతుందని కూడా అనుకున్నాను. చాలా మామూలుగా, బస్సు ఎన్నింటికి వచ్చిందని అడిగినట్టు అడిగింది.

"ఎంతసేపు ఉండింది తాతా?"

నేను అడగలేదు. అయిదున్నరకు బయలుదేరి, అంత దూరం పోయి, ఆ బిడ్డను గుండెకు కరుచుకుని కూర్చున్న మనిషి ఎదురుగా నీళ్ళు తాగి, ఆ ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. తెలియదని చెప్పాను. కావేరి గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. కాగితం రాలేదు. రాదు. చిన్న నర్సమ్మ రోజూ వచ్చి బీపీ చూస్తోంది, కొంచెం పెరిగింది గాని గీత దాటలేదట. కావేరి కార్డు మీద 'పోయిన కాన్పులో ఫిట్స్' అని ఎర్ర పెన్నుతో పెద్దగా రాసింది, డాక్టరు కూడా కింద సంతకం పెట్టాడు. పోయిన సోమవారం బెడ్ల జాబితా వచ్చింది. అందులో మా పాలెం వాళ్ళు ఇద్దరున్నారు, కావేరి లేదు. జాబితా ఫోను నుంచి పోతుంది, కార్డు నుంచి కాదు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. తుఫానులో కూడా ఒడ్డు ఏ వైపు ఉందో నాకు తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదు. కంప్యూటరును తిడదామంటే దానికి ఆ సున్నాను ఇచ్చింది నేనే. నాలాంటి ఇంటి పెద్దలు ప్రతి పాలెంలో ఉంటారు, విజయమ్మలాంటి నర్సమ్మలు ప్రతి మండలంలో ఉంటారు. వాళ్ళూ వీళ్ళూ కలిసి రాసిన సున్నాలు చూసుకుని పైన ఎవరో బాగుందనుకుంటారు. ఆ రోజు నేను గుడ్డ విప్పి చూసి ఉంటే, నర్సమ్మ ముందు ఆ మాట అనగలిగేవాణ్ణి కాదేమో. ఏమో, అప్పుడూ అనేవాణ్ణేనేమో. నన్ను నేను అంత మంచివాణ్ణని చెప్పుకోను.

ఇట్లాంటి పని మీద పోయేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటే. మీ ఇంట్లో బిడ్డ పుట్టి, గంట ఉన్నా, ఊపిరి ఒకటే తీసి పోయినా, నర్సమ్మ వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమె ఫోనులో ఎక్కించేదాకా పక్కనే నిలబడి, ఆ నంబరు మీ కాగితం మీద ఆమె చేతనే రాయించుకుని, తడవని చోట దాచండి. ఆ నెలలోనే చేయండి. తర్వాత ఎన్ని బస్సులు మారినా కాదు.